గోడల్లో ఏముంది?

ఈ మధ్య ఒక మిత్రుడి గృహప్రవేశానికి వెళ్ళాను. మసాచుసెట్స్‌లో ఉస్టర్ దగ్గర 1930ల నాటి ఇల్లు. సత్యనారాయణ వ్రతం అయింది, పులిహోర అయింది, ఆ తర్వాత మన ఆచారం ప్రకారం ఇల్లు చూపించే కార్యక్రమం మొదలైంది. కిచెన్‌లో కొత్త గ్రానైటు. బేస్‌మెంటులో హోమ్ థియేటరు. పదహారు కిటికీలూ పీకించి కొత్తవి పెట్టించాడట, పద్దెనిమిది వేల డాలర్లు. ఫోన్లోంచి నడిపే థర్మోస్టాట్ సరేసరి. "హీటింగ్ బిల్లు సగానికి దిగిపోతుంది చూడు" అన్నాడు. నేను ఊరుకోవచ్చు కదా! ఊరుకోలేదు. "గోడల్లో ఏముంది?" అని అడిగాను. వాడు నన్ను ఒక వింత జంతువుని చూసినట్టు చూసి, "గోడల్లో ఏముంటుంది బాసూ, గోడే ఉంటుంది" అన్నాడు. చుట్టూ ఉన్న పదిమంది ఇంజనీర్లూ నవ్వారు.

ఆ నవ్వు గురించే ఈ రాత. ఎవరికైనా కోపం వస్తే రానివ్వండి. ఆ పదిమందిలో ఒకడిగా నేను కూడా రెండేళ్ళు నవ్వినవాణ్ణే కాబట్టి ఆ హక్కు నాకుంది అనుకుంటున్నాను.

ముందు జవాబు చెప్పేస్తాను. గోడల్లో ఏమీ లేదు. అక్షరాలా ఏమీ లేదు. మన ఊళ్ళో గోడ అంటే ఇటుక, సిమెంటు. మేకు కొడితే సుత్తి ఎగిరి మీద పడుతుంది. ఇక్కడి పాత ఇళ్ళ గోడ అలా కాదు. పదహారు అంగుళాలకొకటి చొప్పున నిలువు కర్రలు. వాటికి బయటివైపు చెక్క పలకలు, లోపలివైపు సన్నటి బద్దలు, వాటిమీద ప్లాస్టరు. మధ్యలో మూడున్నర అంగుళాల ఖాళీ. 1973 చమురు సంక్షోభం ముందు ఆయిలు చవక, బొగ్గు చవక, కాబట్టి ఈ ఖాళీలో ఏమైనా కూరాలన్న ఆలోచన చాలామంది బిల్డర్లకి రాలేదు. పైపెచ్చు ఆ కాలపు ఇళ్ళు కొన్నింటిలో ఈ ఖాళీ బేస్‌మెంటు నుంచి అటక దాకా అడ్డు లేకుండా పోతుంది. అంటే మీ ఇంటి చుట్టూ వరసగా పొగగొట్టాలు నిలబెట్టి, వాటికి సున్నం కొట్టి, గోడలు అని పేరు పెట్టారన్నమాట.

మా ఇల్లు 1924 నాటిది. 2022లో కొన్నాం, నేనూ మా ఆవిడా ఇద్దరం ఉద్యోగాలు చేస్తూ, చచ్చీ చెడీ డౌన్ పేమెంటు పోగేసి. రెండంతస్తులు, 1600 చదరపు అడుగులు, ఆయిల్ బాయిలరు. ఆ ఏడాది హీటింగ్ ఆయిలు గాలను 5 డాలర్లు దాటింది. మొదటి ట్యాంకు నింపించి బిల్లు చూశాక నాలోని ఇంజనీరు మేల్కొని ఏం చేశాడో తెలుసా? థర్మోస్టాట్‌ని 64 ఫారన్‌హీట్‌కి దించి, దానికి పాస్‌వర్డ్ పెట్టాడు.

అప్పుడే మాకు పాప పుట్టింది. మా అమ్మ తెనాలి నుంచి వచ్చింది, ఆర్నెల్లుందామని. అమ్మకి చలి అంటే సంక్రాంతి రోజుల్లో తెల్లవారుజామున భోగిమంట దగ్గర తెలిసినంతే తెలుసు. వచ్చిన వారానికి రెండు స్వెట్టర్లు, శాలువా, నాన్నగారి మంకీ క్యాపు, కాళ్ళకి సాక్సులు. నేనేమో "అమ్మా, 64 ఉంది, అంటే పద్దెనిమిది డిగ్రీలు. మనూళ్ళో ఏసీ పద్దెనిమిదికి పెడితే హాయిగా ఉందంటావుగా" అని లాజిక్కు చెప్పాను. ఆవిడ పాపం ఏమీ అనలేదు.

2023 ఫిబ్రవరి 4 ఉదయం బాస్టన్‌లో మైనస్ 10 ఫారన్‌హీట్ దాకా పడిపోయింది. ఆ ముందు రాత్రి భయపడి 66 చేశాను. రాత్రి రెండింటికి లేచి చూస్తే అమ్మ మంచం మీద లేదు. మంచాన్ని గోడ నుంచి గది మధ్యకి ఒక్కతే లాక్కుంది. దాని పక్కన కింద కూచుని, పాపని ఒళ్ళో పెట్టుకుని, రెండు దుప్పట్లు కప్పుకుని ఉంది. "ఏంటమ్మా ఇది, లేపొచ్చుగా?" అంటే ఆవిడ అన్న మాట ఇది: "మనింట్లో మే నెల్లో గోడ ముట్టుకుంటే కాలుద్ది నాన్నా, ఇక్కడ గోడ ముట్టుకుంటే కొరుకుద్ది. గోడ పక్కన పిల్లదాన్ని పడుకోబెట్టబుద్ధి కాలా. వేడి పెంచమంటే నీకు బిల్లెక్కువొస్తదని..."

లక్షన్నర డాలర్లకి దగ్గరగా జీతం తెచ్చుకుంటున్న కొడుకు ఇంట్లో, బిల్లు ఎక్కువొస్తుందని నెలల పిల్లని ఒళ్ళో పెట్టుకుని తెల్లవార్లూ కూచున్న మనిషి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పొద్దున్నే మొదట చేసిన పని పాస్‌వర్డ్ తీసెయ్యడం. రెండో పని, టూల్ బాక్సులో పడి ఉన్న ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు తీసి గోడ మీద కొట్టి చూడడం. గదిలో గాలి 66. బయటి గోడ లోపలి తలం 53. సెల్సియస్‌లో పన్నెండు!

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి, ఇదే అసలు విషయం. మన ఒంటికి చలి గాలివల్ల మాత్రమే తెలియదు. మన ఒళ్ళు చుట్టూ ఉన్న తలాలకి వేడిని కాంతిలాగా వెదజల్లుతూనే ఉంటుంది. పక్కన గోడ చల్లగా ఉంటే ఒంట్లో వేడి అటు పోతుంది. తెనాల్లో మే రాత్రి ఫ్యాన్ తిరుగుతున్నా ఉక్కగా ఎందుకుంటుంది? పగలంతా ఎండ తాగిన ఇటుక గోడ రాత్రంతా మనమీద కక్కుతుంది కాబట్టి. ఇదీ అదే, తిరగేసి. థర్మోస్టాట్ గాలిని కొలుస్తుంది, అమ్మ గోడని కొలిచింది. అమ్మ కొలతే సరైనది. నా మాస్టర్స్ డిగ్రీకి ఆ ముక్క తట్టలేదు.

సరే, ఇప్పుడు లెక్కల్లోకి వద్దాం. మనం ఆఫీసులో ఏం చేస్తాం? అప్లికేషన్ నెమ్మదిగా ఉందంటే ముందు ప్రొఫైలర్ పెట్టి, టైమంతా ఎక్కడ పోతోందో చూస్తాం. చూడకుండా కనపడిన ఫంక్షన్ని ఆప్టిమైజ్ చేసేవాణ్ణి కోడ్ రివ్యూలో ఉతికేస్తాం. మరి ఇంటి విషయంలో?

మా ఇంటి బయటి గోడలు, కిటికీలూ తలుపులూ తీసేస్తే, 1700 చదరపు అడుగులు. ఖాళీ గోడకి వేడిని ఆపే శక్తి, ఇక్కడి కొలతలో, ఆర్ 4 ఉంటుంది. లోపల 70, బయట 10 అనుకోండి, తేడా 60 డిగ్రీలు. 1700 ఇంటూ 60 బై 4, అంటే గంటకి 25,500 బీటీయూలు గోడల్లోంచి పోతున్నాయి. 1500 వాట్ల స్పేస్ హీటర్లు అయిదు, గోడకి ఆనించి, రాత్రీ పగలూ నడపండి. అంత!

అదే గోడలో సెల్యులోజు కూరితే, కర్రల గుండా పోయే వేడిని కూడా లెక్కేసుకుని, గోడ మొత్తం ఆర్ 11 దాకా వస్తుంది. అప్పుడు పోయేది సుమారు 9,300. రెండు హీటర్ల కంటే తక్కువ. మిగిలింది గంటకి 16,000 పైన.

ఇప్పుడు మా మిత్రుడి కిటికీలు. పదహారు కిటికీలు, మొత్తం 200 చదరపు అడుగులు. పాత ఒంటి అద్దం, బయట స్టార్మ్ విండో, రెండూ కలిపి ఆర్ 2. పోయేది 6,000. కొత్త రెండద్దాల కిటికీ ఆర్ 3.3 అనుకుంటే పోయేది 3,600 చిల్లర. మిగిలింది 2,400. కిటికీ సందుల్లోంచి వచ్చే గాలి ఆగినందుకు ఇంకొంచెం కలుపుకోండి, నాకేం అభ్యంతరం లేదు. పద్దెనిమిది వేలు పెట్టి ఇది సాధించాడు మా వాడు. గోడలకి మాకు ఇచ్చిన కొటేషన్ 6,100. మూడో వంతు డబ్బుతో ఆరు రెట్ల ఫలితం. ఆమ్‌డాల్ 1967లో చెప్పిన సూత్రం మనం ఇంటర్వ్యూల్లో అప్పజెబుతాం కదా, మొత్తంలో చిన్న భాగాన్ని ఎంత వేగంగా చేసినా మొత్తానికి ఒరిగేది తక్కువ అని. ఇంటికొచ్చేసరికి ఏమైపోతుంది ఆ సూత్రం?

ఏమవుతుందో నేను చెబుతాను. కిటికీ కనిపిస్తుంది. గ్రానైటు కనిపిస్తుంది. గృహప్రవేశానికి వచ్చినవాళ్ళకి చూపించొచ్చు, ఫోటో పెట్టొచ్చు. గోడలో కూరిన చిత్తుకాగితాన్ని ఎవరికి చూపిస్తాం? అవునండీ, సెల్యులోజు అంటే పాత న్యూస్‌పేపర్ల తురుమే, నిప్పు అంటుకోకుండా, పురుగు పట్టకుండా బోరాన్ లవణాలు కలుపుతారు. మన దగ్గర పాత పేపర్లవాడికి తూకానికి వేసే సరుకుని ఇక్కడ డబ్బిచ్చి గోడలో పెట్టించుకోవాలి :)

దీనికి మనవాళ్ళు చెప్పే జవాబులు నాకు కంఠతా వచ్చు. ఒక్కొక్కటే తీసుకుందాం.

1. "అయిదేళ్ళలో అమ్మేసి పెద్దిల్లు కొంటాం, ఇదంతా ఎందుకు?" అయిదేళ్ళంటే అయిదు చలికాలాలు. ఆ అయిదింట్లో మీ అమ్మా నాన్నా, మీ అత్తా మామా ఎన్నిసార్లు వస్తారో లెక్కేసుకోండి. వాళ్ళ జీవితంలో ఇంక ఎన్ని అయిదేళ్ళున్నాయో కూడా లెక్కేసుకోండి. రీసేల్ వాల్యూ అనే మాట ఇక్కడ నోటికి రాకూడదు.

2. "స్వెట్టరేసుకుంటే పోలా?" మీరు వేసుకోండి, మీ ఇష్టం. పాకుతున్న పిల్లకీ, మోకాళ్ళ నొప్పుల మనిషికీ ఈ సలహా ఇవ్వకండి. పొదుపు అనేది మన సుఖం మీద చేసుకుంటే పొదుపు, పక్కవాళ్ళ ఒంటి మీద చేస్తే పిసినారితనం. నేను చేసింది రెండోదే. దానికి పర్యావరణం అని కూడా పేరు పెట్టుకున్నాను కొన్నాళ్ళు.

3. "గోడ ఊపిరి పీల్చుకోవాలి, మూసేస్తే కుళ్ళిపోతుంది." ఇందులో సగం నిజం ఉంది కాబట్టి జాగ్రత్తగా వినండి. ఊపిరి పీల్చుకోవలసింది మనుషులు, గోడలు కాదు. కానీ వేడి తగిలే గోడ తడిసినా త్వరగా ఆరుతుంది, ఇన్సులేషన్ పెట్టిన గోడ నెమ్మదిగా ఆరుతుంది, ఇది నిజం. అందుకే ముందు కారుతున్న గట్టర్లూ, కిటికీల చుట్టూ నీళ్ళు దిగే సందులూ బాగుచేయించాలి, తర్వాతే గోడ జోలికి వెళ్ళాలి. అసలు ఇటుక గోడల ఇల్లయితే ఇంకా జాగ్రత్త. లోపల ఇన్సులేషన్ పెడితే ఇటుక చల్లబడి, తడి గడ్డకట్టి పగిలే ప్రమాదం ఉంటుంది, తెలిసినవాళ్ళని అడగనిదే ముట్టుకోకండి. ఇది పద్ధతిగా చేయమనడానికి కారణం. చెయ్యకుండా కూచోడానికి కాదు.

4. "కొత్త ఫర్నేసు పెట్టించాం, హీట్ పంపు పెట్టిస్తున్నాం." చాలా సంతోషం. చిల్లు బిందెకి పెద్ద పంపు పెట్టారు. ముందు చిల్లు పూడ్చి ఉంటే చిన్న పంపు సరిపోయేది, అది ఇంకా తక్కువకి వచ్చేది.

5. "కాంట్రాక్టర్లు మోసం చేస్తారు." కొందరు చేస్తారు. మాకూ ఒకాయన వచ్చాడు, గోడకి నాలుగడుగుల ఎత్తున ఒక్క వరస కంతలు చాలన్నాడు, వదులుగా ఊదేసి పోదామని. వదులుగా ఊదిన కాగితం కొన్నేళ్ళకి కిందికి దిగిపోతుంది, పైన మళ్ళీ ఖాళీ. ఘనపుటడుగుకి మూడున్నర పౌన్ల చొప్పున ఒత్తి కూరాలి. అప్పుడే దిగదు, గాలిని కూడా చాలావరకు ఆపుతుంది. ఈ ఒక్క అంకె గుర్తుపెట్టుకుని ఎన్ని బస్తాలు పడతాయో అడగండి, సగంమంది అక్కడే దొరికిపోతారు. వెండర్ల ప్రపోజళ్ళు చదివి ముప్పుతిప్పలు పెట్టేవాళ్ళం మనం, ఇంటికొచ్చిన కాంట్రాక్టరు ముందు నోరెందుకు పడిపోతుంది?

ఇహ చేయించుకుందామనుకునేవాళ్ళకి నాలుగు ముక్కలు.

గోడతో మొదలుపెట్టకండి. ముందు ఎనర్జీ ఆడిట్. వీధి తలుపుకి పెద్ద ఫ్యాను బిగించి, ఇంట్లో గాలి లాగేసి, 50 పాస్కల్స్ తేడా దగ్గర ఎంత గాలి లోపలికి దూరుతోందో కొలుస్తారు. అదే మన ప్రొఫైలర్. తర్వాత అటకలోనూ బేస్‌మెంటు అంచులోనూ సందులు మూయించాలి. వేడి గాలి పైనుంచి పోతూ కిందనుంచి చల్లగాలిని లాగుతుంది కాబట్టి ముందు పై మూత. తర్వాత అటక మీద ఇన్సులేషన్. అప్పుడు గోడలు.

ఇల్లు పాతదైతే కరెంటు తీగలు చూపించండి. 1940ల ముందు ఇళ్ళలో పింగాణీ గుబ్బల మీదుగా లాగిన పాత వైరింగు ఉండొచ్చు. అది చుట్టూ గాలి ఉంటేనే చల్లబడుతుంది, దాన్ని ఇన్సులేషన్‌లో కప్పెడితే నిప్పుతో చెలగాటం. అటకలో మెరిసే గులకల్లాంటి వర్మిక్యులైటు కనిపిస్తే చెయ్యి పెట్టకండి, అందులో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. మోంటానాలోని లిబ్బీ గని 1990లో మూతపడింది, దాని సరుకు మాత్రం ఇప్పటికీ అటకల్లో ఉంది. 1978 ముందు ఇల్లయితే రంగులో సీసం ఉండే అవకాశం ఉంది, పసిపిల్లలుంటే కంతలు కొట్టేటప్పుడు దుమ్ము లోపలికి రాకుండా చూసుకోవాలి. పని అయ్యాక బాయిలరు పొగ సరిగ్గా బయటికి పోతోందో లేదో పరీక్ష చేయించి, కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టుకోండి. బిగుతైన ఇంట్లో ఇది తప్పనిసరి.

డబ్బు సంగతి. మసాచుసెట్స్‌లో మాస్ సేవ్ అని ఒక పథకం ఉంది. ఆడిట్ ఉచితం. 2023లో మాకు సందులు మూయడం ఉచితంగా చేసి, ఇన్సులేషన్ ఖర్చులో 75 శాతం వాళ్ళే భరించారు. గోడల 6,100లో మా చేతి నుంచి 1,525, అటక 2,400లో 600. ఇది ఎవరి దయా కాదు. ఆ డబ్బు మన కరెంటు, గ్యాసు బిల్లుల్లో ఒక చార్జీగా నెలనెలా వసూలు చేస్తున్నారు. బిల్లు కడుతూ, పథకం వాడుకోకుండా, పక్కింటి ఆయన గోడలకి చందా ఇస్తున్నామన్నమాట. ష్రూస్‌బరీ లాంటి చోట్ల కరెంటు ఊరి సొంత సంస్థది, అక్కడ నిబంధనలు వేరు, కనుక్కోండి. ఫెడరల్ పన్నులో 30 శాతం, ఏడాదికి 1200 డాలర్ల దాకా తగ్గింపు కూడా ఉండేది 2023 నుంచి. 2025 జూలైలో వచ్చిన చట్టంతో అది 2025 డిసెంబరు 31తో ముగిసిపోయింది. ఈ విషయం నేను పదిమందికి చెప్పాను, వాడుకున్నవాళ్ళు ఇద్దరు. మిగతా ఎనిమిదిమంది క్రెడిట్ కార్డు పాయింట్ల మీద గంటసేపు మాట్లాడగలరు.

మాకు పని రెండు రోజుల్లో అయిపోయింది. బయట పలకలు అక్కడక్కడా ఊడదీసి, కంతలు కొట్టి, గొట్టం పెట్టి కూరి, బిరడా వేసి, పలకలు మళ్ళీ బిగించారు. ఇప్పుడు చూస్తే ఏమీ తెలీదు. మొదటి చలికాలం 930 గాలన్లు తాగిన బాయిలరు మరుసటి ఏడు 655 తాగింది. వాతావరణం తేడా తీసేసి, డిగ్రీ డేలతో భాగించి చూస్తే 27 శాతం తగ్గింది. ఏడాదికి సుమారు వెయ్యి డాలర్లు. గోడల మీద కాగితం లెక్క చూపించినంత రాలేదు, ఎందుకంటే మొదటి ఏడు 64లో ఉన్నాం, ఇప్పుడు 69లో ఉంటున్నాం. సబ్సిడీతో రెండు చలికాలాలు దాటేసరికి పెట్టింది తిరిగొచ్చింది. సబ్సిడీ లేకపోతే ఎనిమిది తొమ్మిదేళ్ళు పట్టేది, ఆ మాటా దాచను.

అయినా నేను దీన్ని డబ్బు లెక్కతో ముగించదలుచుకోలేదు. మళ్ళీ అమ్మ వచ్చింది, జనవరిలోనే. ఈసారి మంచం గోడకి ఆనించే ఉంది. మూడో రోజు పొద్దున్న కాఫీ తాగుతూ గోడ మీద చెయ్యి వేసి, "ఇప్పుడు కొరకట్లా" అంది. అంతే. గ్రానైటు బాగుందని గానీ, టీవీ పెద్దదని గానీ అనలేదు.

మీ ఇల్లు పాతదైతే ఈ చలికాలం ఒక పని చెయ్యండి. అందరూ పడుకున్నాక, పెద్దవాళ్ళు పడుకునే గదిలో బయటి గోడ మీద అరచెయ్యి ఆనించి, పది అంకెలు లెక్కపెట్టండి. ఆ తర్వాత కూడా నవ్వొస్తే నవ్వండి.